ధాత కరువు కాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషన్

ఒంగోలు బాప్టిస్టు మిషన్ చరిత్రలో 1876–78 నాటి కరువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా, 1878 జూలైలో గుండ్లకమ్మ నది ఒడ్డున జరిగిన సామూహిక బాప్తిస్మాల సంఖ్యనే ముందుగా చెప్పుకోవడం పరిపాటి. అయితే అంతకుముందు గడిచిన పదిహేను నెలల్లో మిషన్ ఏ పనికి పూనుకున్నదో, ఏ పనికి పూనుకోకుండా ఆగిందో పరిశీలించినప్పుడే, ఆపత్కాలంలో దైవ నడిపింపును ఆ సంస్థ ఏ విధంగా అర్థం చేసుకున్నదో స్పష్టమవుతుంది.

నెల్లూరు కేంద్రంగా సాగిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ తొలి దశాబ్దాల్లో ఫలితాలు స్వల్పంగా ఉండడం వల్ల ఒకటికి రెండుసార్లు మూతపడే స్థితికి చేరింది. అటువంటి రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై చేరి ఆ పట్టణానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. నేటికీ ప్రార్థన కొండగా పిలుస్తున్నది ఆ స్థలాన్నే. పన్నెండేళ్ల తరువాత, 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడగా, మరుసటి సంవత్సరం జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో సంఘం ఏర్పడింది.

ధాత నామ సంవత్సరంలో వర్షాలు ముఖం చాటేయడంతో మొదలై, ప్రజల నోట ధాత కరువుగా నిలిచిన ఆ క్షామంలో, మద్రాసు ప్రభుత్వం తీరం వెంబడి పడవల రాకపోకలకు ఉద్దేశించిన బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా చేపట్టింది. మత సేవలోకి రాకముందు అమెరికాలో భూమి సర్వే పని చేసి ఉన్న క్లౌదొర, అందులో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, సంఘ బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. అప్పటి సంఘ సభ్యుల్లో అత్యధికులు మాదిగ కులస్థులు కావడం, కరువు మొదట కాటేసేది కూలిపై బ్రతికే అటువంటి కుటుంబాలనే కావడం వల్ల, తమ గ్రామాల భాష, బాధ తెలిసిన మనిషే పని చూపించి కూలి ఇప్పించడం కూలీలకు పెద్ద ఆసరా అయింది. పగలు తట్ట, పార పట్టినవారు విశ్రాంతి వేళల్లో బోధకుల చుట్టూ చేరి వాక్యం వినేవారు.

ఇట్లా విన్నవారిలో అనేకులు బాప్తిస్మం, అంటే విశ్వాసానికి గుర్తుగా నీటిలో పూర్తిగా ముంచి ఇచ్చే సంస్కారం, కోరినప్పటికీ, మిషన్ దానిని వాయిదా వేసింది. కూలి కోసం, గంజి కోసం మతంలో చేరారన్న నింద పేదలపై పడరాదనీ, ఆకలిని విశ్వాసానికి వెలగా మార్చరాదనీ ఆ నిగ్రహంలోని ఆంతర్యం. ఇకమీదట సహాయం అందదని తెలిసిన తరువాత కూడా, తాము అడిగేది ధనం కాదంటూ జనం గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లి వద్ద గుమిగూడినప్పుడు, విచారణ జరిపి వారిని చేర్చుకోవడం మొదలైంది. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో దిగి ఆ సంస్కారాన్ని జరిపించినవారు తెలుగు బోధకులే.

ఈ క్రమంలో దైవంపై ఆధారపడడమంటే చేతులు ముడుచుకుని సంకేతం కోసం ఎదురుచూడడం కాలేదు. ఎప్పుడో నేర్చిన సర్వే విద్యనూ, ప్రభుత్వ పనినీ, గ్రామస్థులైన బోధకుల నమ్మకాన్నీ నడిపింపులో భాగంగా స్వీకరించి, ఫలితాన్ని మాత్రం తొందరపెట్టకుండా దేవునికే విడిచిపెట్టడం ఆనాటి పద్ధతి. తుఫానులు, వరదలు, అంటువ్యాధుల వేళ సహాయానికి దిగే ప్రతి సంఘమూ, తాను పెట్టే అన్నానికి ప్రతిఫలంగా ఏమీ ఆశించడం లేదని ముందుగా తనకు తాను రుజువు చేసుకోవాలన్నదే ఒంగోలు చరిత్ర నేర్పే పాఠం.