పాలికాపు చేతికి రాని పైకం

1933 వేసవిలో అమెరికా దక్షిణాది రైతులు ఏపుగా ఎదిగిన పత్తిచేలను తామే దున్నేశారు. దున్నించింది ప్రభుత్వం. అంతకుముందు ఏడాది పౌను పత్తి ధర ఐదారు సెంట్లకు పడిపోయింది. గోదాముల్లో పాత సరుకు కదలడం లేదు. పంట తగ్గితే తప్ప ధర లేవదని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం మే నెలలో వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. అప్పటికే విత్తనాలు మొలకెత్తాయి. అందుకే పరిహారమిచ్చి మరీ కోటి ఎకరాలకు పైగా పైరును నేలలో కలిపించారు. మొక్క తొక్కకుండా సాళ్ల మధ్య నడవడానికి అలవాటుపడిన కంచరగాడిదలు పైరు మీదికి నాగలి లాగనని మొరాయించాయని ఆ తరం వాళ్లు చెప్పుకునేవారు.

ధర లేచింది. ఆ మేరకు చట్టం పనిచేసినట్టే. అయితే చెక్కు ఎవరి చేతికి వెళ్లిందో చూడాలంటే ఆర్కాన్సా రాష్ట్రం ఈశాన్య మూలనున్న పాయిన్సెట్ కౌంటీకి, అక్కడి టైరోంజా అనే చిన్న ఊరికి వెళ్లాలి.

అక్కడ భూమి కొద్దిమందిది, సేద్యం వేలమందిది. పాలికాపుకు భూస్వామి గుడిసె, కంచరగాడిద, విత్తనం ఇస్తాడు. పంటలో సగం పాలు. తిండిగింజలు భూస్వామి కొట్టులోనే అప్పుకు తెచ్చుకోవాలి, ఆ పద్దు రాసేదీ ఆయన మనుషులే. ఏడాది చివర లెక్క చూస్తే చాలామందికి మిగిలేది బాకీయే. ఇలాంటి చోట ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది భూస్వామితో. 1934-35 ఒప్పందం ప్రకారం సాగు మానిన నేలకు లెక్కగట్టిన పౌనుకు నాలుగున్నర సెంట్లు వస్తే, అందులో నాలుగు సెంట్లు భూస్వామివి, అర సెంటు పాలికాపుది. ఆ అర సెంటు కూడా పాత బాకీలో జమపడే ప్రమాదం ఎప్పుడూ ఉండేది.

అంతకన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. సాగు తగ్గితే మనుషుల అవసరమూ తగ్గుతుంది. పాలికాపుల సంఖ్య తగ్గించకూడదని ఒప్పందం ఏడో సెక్షన్‌లో రాశారు గానీ, 'సాధ్యమైనంత వరకు' అనే వెసులుబాటూ అక్కడే పెట్టారు. ఫిర్యాదు చేసుకోవలసింది కౌంటీ కమిటీకి. అందులో కూర్చున్నది భూస్వాములు, వాళ్ల మాట జవదాటనివాళ్లు. టైరోంజా దగ్గర హైరమ్ నోర్‌క్రాస్ తన తోట నుంచి పాలికాపు కుటుంబాలను వెళ్లగొట్టినప్పుడు వాళ్లకు దిక్కు లేకపోయింది.

1934 జులైలో ఆ ఊరి దగ్గరి బడిలో 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు సమావేశమయ్యారు. దక్షిణాది కౌలురైతుల సంఘం అలా పుట్టింది. దాన్ని నిలబెట్టిన హెచ్.ఎల్. మిచెల్ బట్టలుతికే దుకాణం నడిపేవాడు, క్లే ఈస్ట్ పెట్రోలు బంకు యజమాని. తెల్లవాళ్లకో సంఘం, నల్లవాళ్లకో సంఘమా అన్న ప్రశ్న మొదటిరోజే వచ్చింది. అదే రాష్ట్రంలో 1919లో ఎలైన్ దగ్గర సంఘం పెట్టుకున్న నల్ల పాలికాపులను ఊచకోత కోశారు. దాన్నుంచి బయటపడిన ఐజాక్ షా అనే పెద్దాయన ఆ గదిలోనే ఉన్నాడు. వేరుపడితే ఏమవుతుందో ఆయన చెప్పాక ఒకే సంఘం కావాలని తీర్మానించారు. జాతుల వేర్పాటు చట్టమై ఉన్న కాలంలో అది ప్రాణాలకు తెగించిన నిర్ణయం. ఆ తర్వాత సభల మీద దాడులు జరిగాయి. 1935 మార్చిలో సోషలిస్టు నాయకుడు నార్మన్ థామస్‌ను బర్డ్‌సాంగ్‌లో వేదిక మీద నుంచి లాగేశారు.

వాషింగ్టన్‌లోనూ కొందరు కదిలారు. 1935 జనవరిలో మేరీ కానర్ మయర్స్ అనే న్యాయవాదిని ఆర్కాన్సాకు విచారణకు పంపారు. ఆమె నివేదికను బయటపెట్టలేదు. పాలికాపును మార్చకూడదని ఏడో సెక్షన్‌కు అర్థం చెప్పిన ఆ చట్టాన్ని అమలుచేసే సంస్థ న్యాయ విభాగం అధిపతి జెరోమ్ ఫ్రాంక్‌ను, మరికొందరిని ఫిబ్రవరిలో ఉద్యోగాల నుంచి తీసేశారు. దక్షిణాది సెనేటర్ల మద్దతు లేనిదే చట్టం నడవదు మరి. ఆ బేరంలో బలైనవాళ్లకు ఆర్కాన్సాలో ఓటు హక్కే సరిగా లేదు.

1936 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, పాలికాపుల కోసం కాదు, దానికి డబ్బు సమకూర్చిన పన్ను చెల్లదని. తర్వాతి చట్టాల్లో పాలికాపు వాటా పెంచారు. దాంతో చాలామంది భూస్వాములు పాలికాపులను మాన్పించి, ట్రాక్టర్లు కొని, రోజుకూలీలను పెట్టుకున్నారు. కూలీకి ఆ చెక్కులో వాటా ఉండదు.