తాళం తీసి, పేరు ఉంచి

2004 ఏప్రిల్‌లో ప్లేఫెయిర్ అనే చిన్న సాఫ్ట్‌వేరు పనిముట్టు అమెరికాలో నిలువ నీడ లేక తిరువనంతపురం చేరింది. సొంత సొమ్ముతో కొనుక్కున్న పాట మీద మనిషికి ఎంత హక్కు ఉంటుందన్న వాదం అలా మన గడప తొక్కింది.

అంతకు ఏడాది ముందు, 2003 ఏప్రిల్ 28న, ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ సంగీత దుకాణం తెరిచింది. రెండు లక్షల పాటలు, పాటకు 99 సెంట్లు. ప్రతి పాటకూ ఫెయిర్‌ప్లే అనే గూఢలిపి తాళం. అనుమతించిన మూడు కంప్యూటర్లలో (తరువాత ఐదింటిలో) తప్ప పాట పలికేది కాదు. సీడీ మీదికి ఎక్కించుకోనిచ్చేవారు గానీ, దాన్ని తిరిగి కుదించి కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటే నాణ్యత కొంత పోయేది. దొంగచాటుగా దింపుకున్నవాడికి మాత్రం ఈ బాధలేవీ లేవు!

ప్లేఫెయిర్ తాళం పగలగొట్టలేదు. కొన్నవాడి కంప్యూటర్‌లోనో ఐపాడ్‌లోనో ఉన్న తాళంచెవినే వెదికి తీసుకుని తలుపు తెరిచేది. కనుక పరాయివాడి పాట దానికి చిక్కదు. దాని వారసుడిగా వచ్చిన హిమ్‌లో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి: కొన్నవారి ఖాతా గుర్తును అది ఫైలులోనుంచి చెరపలేదు. పాటను ఊరంతా పంచిపెడితే, పంచినవాడి ఆచూకీ అందులోనే దొరుకుతుంది.

1998 నాటి డీఎంసీఏ చట్టం ప్రకారం అమెరికాలో ఇటువంటి పనిముట్టును పంచడమే తప్పు. ఆపిల్ తాఖీదుతో సోర్స్‌ఫోర్జ్ దాన్ని తొలగించింది. కేరళలోని సరోవర్ చోటిచ్చింది. మన కాపీరైటు చట్టంలో అప్పటికి ఆ నిషేధం లేదు. అయినా తాఖీదు అక్కడికీ వచ్చింది, కొద్ది రోజులకే పనిముట్టు అక్కడా మాయమైంది. మన నిషేధం 2012 సవరణతో, 65ఏ సెక్షనుగా వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవారికే రెండేళ్ళ వరకు శిక్ష. ఆ "ఉద్దేశం" అన్న మాట చేర్చినవారికి నమస్కరించాలనిపిస్తుంది.

ఇక ఆపిల్ సంగతి. 2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, తాళాలు అక్కరలేదన్నాడు. మే నెలలో ఈఎంఐ పాటలు తాళం లేకుండా, రెట్టింపు నాణ్యతతో, 1.29 డాలర్లకు వచ్చాయి. వాటిలో కొన్నవారి పేరూ ఈమెయిలూ భద్రంగా ఉన్నాయి. మూడేళ్ళ క్రితం హిమ్ చేసింది అదే కదా! 2009 జనవరిలో మిగిలిన పెద్ద కంపెనీలూ ఒప్పుకున్నాయి. అదివరకే కొన్న పాటలకు తాళం తీయించుకోదలచినవారు పాటకు మరో 30 సెంట్లు చెల్లించారు.