ఒంటికంటి అద్దము తెచ్చిన కలహము



చరిత్ర యనఁగానే రాజులును రణములును మనకు స్ఫురించును. నేఁడు నేను విన్నవింపఁబోవునది ఒక ఆట చరిత్ర. దీనిని పిల్లల సంగతి యని త్రోసివేయవలదని ప్రార్థించుచున్నాను. సొమ్ము పుచ్చుకొనువాఁడు సొమ్మిచ్చువానితో నెట్లు మాటలాడవలె ననునదియే యిందలి విషయము.

ఉత్తర అట్లాంటిక్ సముద్రమున ఐస్‌లాండను ద్వీపము కలదు. దాని ముఖ్యపట్టణమగు రేక్యవిక్‌లోని సి.సి.పి. యను సంస్థ 2003వ సంవత్సరమున ‘ఈవ్ ఆన్‌లైన్’ అను ఆటను వెలువరించెను. నానాదేశములవారు తమ యిండ్లయందే కంప్యూటరుల ముందు కూర్చుండి, ఒక్క కల్పిత నక్షత్రలోకమునఁ గలిసికొని, ఓడలు కట్టుదురు, వర్తకము సేయుదురు, పోరాడుదురు. 2011లో ఇందులకు నెలకు సుమారు 15 డాలర్ల చందా యుండెను. 2011 నాఁటికి చందాదారులు 3 లక్షలకు మించిరి. ఆటగాండ్ర మొఱలు వినుటకై 2008లో సంస్థయే ఎన్నికలు జరిపి, వారి ప్రతినిధులతో నొక సభ నేర్పఱచెను. అది మన పంచాయతీవంటిదే. కాని దానికి సలహా చెప్పు హక్కే గాని శాసించు నధికారము లేదు.

2011 జూన్ 21వ తేదీన ఆటలోఁ గ్రొత్తగా నొక యంగడి వెలసెను. అందు ఆటబొమ్మలకు దుస్తులు, అలంకారములు అమ్మకమునకుఁ బెట్టిరి. వానిలో నొక ఒంటికంటి అద్దము వెల 60 డాలర్లకు మించెను. అనఁగా నాలుగు నెలల చందా! చేతికందని, తెరపై మాత్రమే కనఁబడు అద్దమున కింత వెలయా యని జనులు విస్తుపోయిరి.

ఇంతలో సంస్థ తన యుద్యోగుల కొఱకు వ్రాసికొన్న పత్రిక యొకటి బయటఁబడెను. దురాశ మంచిదేనా యను ప్రశ్న దాని ముఖపత్రముననే యుండెను. దుస్తులే గాక ఓడలను, మందుగుండును గూడ సొమ్మునకు విక్రయింపవచ్చునా యను చర్చ లోపల నుండెను. ధనికుఁడు గెలుపును గొనుక్కొనునా యని ఆటగాండ్రు కలఁతచెందిరి. సంస్థ సూటిగా లేదని చెప్పక, వెలగల దుస్తులను ధనికులు కొనుట లేదా యని ఉపమానము చెప్పెను. పిమ్మట సంస్థాధిపతి యుద్యోగులకు వ్రాసిన జాబును బయటికి వచ్చెను. జనులు చెప్పు మాటలకంటె చేయు పనులను గమనింపుఁడని దాని భావము. ఆటగాండ్రు ఆ మాటనే పాటించిరి! పలువురు చందాలు మానిరి. వందలకొలఁది ఆటలోని పెద్దసంతయగు జీటాకు ఓడలతోఁ జేరి, అచ్చటి స్మారక విగ్రహముపై నిప్పులు కురిపించిరి.

జూన్ 30వ తేదీన సంస్థ ప్రతినిధులను రేక్యవిక్‌కుఁ బిలిపించి, రెండు దినములు మాటలాడెను. గెలుపోటములను మార్చు వస్తువుల నమ్ము తలంపు లేదని యుభయులును గలిసి ప్రకటించిరి. అక్టోబరులో సంస్థాధిపతి తన పొరపాటు నొప్పుకొని బహిరంగలేఖ వ్రాసెను. అదే మాసమున సుమారు ఐదవవంతు ఉద్యోగులు కొలువులు గోల్పోయిరి. పెద్దల తప్పునకు ఆ నిరపరాధులు చెల్లించిన వెల అద్దము వెలకంటె నెంతో పెద్దది.

వెల యెక్కువగుటయే కలహమునకు మూలమని నేను దలంపను. వెల నచ్చనివాఁడు కొనకుండును, అంతటితో సరి. అంగడిముందొక మాట, లోపలిగదిలో వేఱొక మాట ఆడిన వర్తకుని త్రాసును ఎవఁడు నమ్మును? జూన్ 21నాఁడే సూటియగు నొక్క మాట చెప్పియున్నచో, జూలైలోఁ జెప్పిన మాటకు ఇంత వ్యయము కాకపోవును.

నేఁడు మన గ్రామములలోను పిల్లలు ఫోనులలో ఆటలాడుచు సొమ్మడుగుచున్నారు. కసరుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుఁడు: “నాయనా, వారమ్మునది అలంకారమా, గెలుపా? ఆ సంగతి నీకు ముందే చెప్పిరా?” ఆ ప్రశ్న ఎట్టి సంతలోనైనను అడుగఁదగినదే.