శారదా చట్టము – మా మామ్మ

మా మామ్మ పుట్టిన తేదీ ఎక్కడా వ్రాసి లేదు. ఆమె లెక్క వేరు. "ఆకివీడుకు రైలు వచ్చిన రెండో ఏట నా పెళ్ళి. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు" అనేది. గుడివాడ–భీమవరం రైలుమార్గం ప్రారంభమైనది 1928లో. బాలికల వివాహ వయస్సును 14 ఏళ్ళుగా నిర్ణయించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ గడువు దాటకముందే దేశమంతటా పసిపిల్లలకు ముడిపెట్టేశారు. ఆ తొందరలో జరిగినదే మామ్మ వివాహమూను. కనుక ఆమె జననం 1922 ప్రాంతమని నా నిర్ణయం.

1949లో వైధవ్యం, నలుగురు పిల్లలు. కొల్లేరు నిండి, ఆ నీటిని ఉప్పుటేరు లాగలేని ఏళ్ళలో చేలు మునిగేవి. బియ్యం, చింతపండు, పిడకలు అటకెక్కించి, అందరికీ వడ్డించి, మిగిలితే తాను తినేది. ఆ 'మిగిలితే' అన్నమాట మా ఇంట ఎవరి చెవికీ ఎక్కలేదు. త్యాగమూర్తి అని పొగడడం సులువు కదా!

1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో, భర్త వాటాగా అనుభవిస్తున్న రెండెకరాలకు ఆమె సంపూర్ణ హక్కుదారైంది. కొడుకులు తమ పేర వ్రాయమన్నారు. 1962లో ఆమె అందులో ఒక ఎకరం, భర్త విడిచిపెట్టిన మా మేనత్తకు దఖలు దస్తావేజు వ్రాయించింది. దస్తావేజులో 'వయస్సు సుమారు 40 సం.' అని ఉన్నది. నా లెక్కకు సరిపోయింది. పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుండి గాని రాలేదని పాఠకులు గమనించగలరు.

మా నాన్నగారు ఏడాదిపాటు తల్లితో మాట్లాడలేదు. ఆమె మాత్రం ప్రతిపూటా మొదట ఆయన కంచంలోనే వడ్డించేదట.