అవటు గ్రంథి పరీక్షల కథ

మా చిన్నతనమున మా మేనత్త మండు వేసవిలో సయితము దుప్పటి కప్పుకొని కూర్చుండెడిది. ముఖము ఉబ్బి, గొంతు బొంగురుపోయి, నాలుగు మెట్లెక్కినంతనే అలసిపోయెడిది. ఒళ్లు బద్ధకమని ఇంటివారును, వయసు ప్రభావమని వైద్యులును తేల్చివేసిరి. ఏడేండ్ల వరకు ఆమె రక్తమును ఎవ్వరును పరీక్షింపలేదు. ఆ పరీక్ష లోకమునకు ఎట్లు లభించెనో శ్రోతలకు విన్నవింతుము.

1873లో లండనునందు విలియం గల్ అను వైద్యుడు, వయసు వచ్చిన స్త్రీలలో సరిగా ఇట్టి లక్షణములనే గుర్తించి వర్ణించెను. 1878లో విలియం ఆర్డ్ ఈ వ్యాధికి మిక్సిడీమా అని పేరిడెను. కారణము మాత్రము అప్పటికి తెలియలేదు. 1883లో స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు థియోడర్ కోహర్, గళగండ వ్యాధికై అవటు గ్రంథిని, అనగా థైరాయిడును, పూర్తిగా తొలగించిన రోగులు పిమ్మట ఇట్లే మందగించుచున్నారని ప్రకటించెను. లండను వైద్యసంఘమువారు నూరుమందికి పైగా రోగుల వృత్తాంతములను పరిశీలించి, ఆ గ్రంథి నశించుటయే ఈ వ్యాధికి మూలమని 1888లో నిర్ణయించిరి.

1891లో న్యూకాసిల్ నగరమున జార్జి మర్రే అను యువవైద్యుడు, గొఱ్ఱె థైరాయిడునుండి తీసిన రసమును 46 ఏండ్ల స్త్రీకి సూదితో ఎక్కించెను. ఆమె కోలుకొని మఱి 28 ఏండ్లు జీవించెను. మందు దొరకినది గాని, అది ఎవరికి అవసరమో తేల్చు కొలత ఇంకను దొరకలేదు.

1895లో జర్మనీ వైద్యుడు మాగ్నస్ లెవీ, ఈ రోగుల శరీరము ప్రాణవాయువును తక్కువగా వినియోగించునని చూపెను. తరువాత కొన్ని దశాబ్దములు ఇదియే ప్రధానమైన పరీక్ష. రోగి రాత్రి ఉపవసించి, ఉదయమున కదలక పరుండి, గొట్టము ద్వారా ఊపిరి తీయవలెను. భయపడినను, జ్వరము తగిలినను లెక్క తప్పెడిది. 1914 డిసెంబరు 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ గ్రంథిస్రావమగు థైరాక్సిన్‌ను శుద్ధరూపమున వేరుచేసెను. పిమ్మట రక్తములోని ప్రోటీనును అంటియుండు అయొడినును కొలుచు పద్ధతి వచ్చెను. రోగి అయొడిను కలిసిన మందు మ్రింగియున్నచో అదియు మోసపుచ్చెడిది.

1950ల చివర న్యూయార్కునందు రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనువారు రేడియోధార్మిక పదార్థము సాయమున రక్తములోని ఇన్సులిన్‌ను కొలుచు మార్గము కనుగొనిరి. యాలోకు 1977లో నోబెల్ బహుమానము లభించెను. ఆ మార్గముననే 1960ల నడుమ టి.ఎస్.హెచ్.ను కొలుచుట సాధ్యమయ్యెను. మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి దీనిని పంపి థైరాయిడును పనికి పురికొల్పును. వినికిడి తగ్గినవారితో మనము గొంతు పెంచి మాటలాడునట్లు, థైరాయిడు మందగించినకొలది పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్.ను పెంచును.

అయినను ఒక్క అంకెయే సర్వము గాదు. పీయూష గ్రంథియే దెబ్బతిన్నచో టి.ఎస్.హెచ్. పెరుగకపోవచ్చును. అందువలన అనుమానము గట్టిగా నున్నపుడు ఫ్రీ టి-4 పరీక్షయు చేయింపవలెను. దేహము తన థైరాయిడుపై తానే దాడి చేయుచున్నదా యనుట ప్రతిరక్షకముల పరీక్ష తెలుపును. ఇట్టి ప్రతిరక్షకములను రోగుల రక్తమున 1956లో లండను పరిశోధకులు కనుగొనిరి. జుట్టు కొరకు వాడు బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షలను తప్పుదారి పట్టించును గనుక ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పవలెను. అంకె స్వల్పముగా పెరిగినచో కొన్ని వారములకు మరల పరీక్షించుట వాడుక.

మా మేనత్తకు బద్ధకమని పేరు పెట్టునాటికే ఈ పరీక్ష వచ్చి ఇరువదియేండ్లు దాటినది. లోపించినది పరీక్ష గాదు, అడుగువారు. తుదకు ఒక యువవైద్యురాలు ఆమె మాట సాంతము విని రక్తము తీయించెను. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని నెలలకు దుప్పటి పెట్టెలోనికి చేరెను. మీ యింట ఎవరైన అకారణముగా చలియనుచున్నను, అలసటయనుచున్నను, వారిని నిందింపకుడు. వైద్యునివద్దకు తోడుగా పోయి, థైరాయిడు పరీక్ష అవసరమేమోయని మీరే అడుగుడు.