మంచె మీద కన్ను

రా బాబూ, ఇలా నెగడు దగ్గర కూర్చో. ఆ ఫోను జేబులో పెట్టు, పారిపోదులే.

విశాఖ బీచ్‌రోడ్డులో టీయూ-142 విమానం చూసొచ్చి, "తాతా, దాని పొట్ట కింద ఆ బుడిపె ఏటి?" అన్నావు కదా. అది రాడార్ కన్ను. చెప్తాను గానీ, ముందు మంచె సంగతి వినాలి. మంచె చూశావా ఎప్పుడైనా? అనుకున్నాలే.

అప్పట్లో మన చోడవరం చుట్టూ ఎటు చూసినా చెరకే. ఆళ్ళెత్తు ఎదిగాక గట్టు మీద నిలబడితే ముందున్న నాలుగు గడలు తప్ప ఏమీ కనబడవు. నక్క దర్జాగా నమిలిపోయేది. అందుకే నాలుగు రాటలు పాతి, పైన మంచె కట్టేవాళ్ళం.

సముద్రం మీదా అదే తంటా. భూమి గుండ్రం కదా, ఒడ్డున 30 మీటర్ల ఎత్తులో రాడార్ పెడితే, అలల్ని రాసుకుంటూ వచ్చేది సుమారు 22 కిలోమీటర్ల దగ్గరికొచ్చేదాకా కంటబడదు. క్షిపణికి ఆ దూరం ఎంత? నేను చుట్ట వెలిగించేలోపు వచ్చి పడుతుంది. అదే రాడార్ 3,000 మీటర్ల పైకెక్కితే చూపు 225 కిలోమీటర్ల దాకా పోతుంది.

చుట్ట అంటే గుర్తొచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ర్యూజో అనే ఓడ మీంచి లేచొచ్చి విశాఖ మీద బాంబులేస్తే, జనం బళ్ళు కట్టుకుని పల్లెలకు పరుగులు. మా నాయనమ్మ ఇత్తడి సామానంతా పెంటకుప్పలో పాతేసి, చోటు మర్చిపోయిందట! తర్వాత 1971 యుద్ధం. విశాఖ ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన డిసెంబరు. పావలా ఇస్తే టీ తాగి చిల్లర తెచ్చుకునే రోజులు. రాత్రి దీపం వెలిగితే ఊరంతా కేకలు. మా పక్కింటి ముసలమ్మది అడ్డపొగ, నిప్పు నోట్లోపలే. ఊరు మొత్తానికి బ్లాకవుట్ సరిగ్గా పాటించింది ఆవిడొక్కతే.

సరే, దారి తప్పాను. 1982లో ఫాక్‌లాండ్స్ దగ్గర బ్రిటిష్ వాళ్ళకి ఆకాశంలో అలాంటి కన్ను లేదు. కిందుగా ఎగిరొచ్చిన విమానాలు వదిలిన క్షిపణి షెఫీల్డ్ ఓడని కొట్టింది. ఆనక హడావిడిగా సీకింగ్ హెలికాప్టర్లకి రాడార్లు తగిలించారు. ఈలోపు యుద్ధమే అయిపోయింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

పైకెక్కితే సరిపోతుందా? పోదు. పైనుంచి చూస్తే ప్రతి అలా రాడార్‌కి బదులు పలుకుతుంది. గాలిరోజున మంచె మీద కూర్చుంటే ప్రతి ఆకూ గలగలే, అందులో నక్క ఏది? మా నాన్న చెవి నిక్కించి చెప్పేవాడు: "ఆకు ఉన్నచోటే ఊగుద్ది, నక్క సాగిపోద్ది." రాడారూ అలాగే వేగాన్ని పట్టుకుంటుంది. అనకాపల్లి స్టేషన్లో రైలుకూత వచ్చేటప్పుడు సన్నగా, దాటాక బొంగురుగా వినబడదూ? అదే కిటుకు. అలల కూత వేరు, దూసుకొచ్చేదాని కూత వేరు.

మన నేవీకి కామోవ్-31 హెలికాప్టర్లున్నాయి, 2003 నుంచి. గాల్లోకి లేచాక పొట్ట కింద మడిచిన 6 మీటర్ల రాడార్ పలక విప్పుకుని చుట్టూ తిప్పుతుంది. అడ్డం రాకుండా చక్రాలు కూడా ముడుచుకుంటుంది, బురదలో పంచె ఎగ్గట్టినట్టు.

కన్ను పైనుంటే చాలదు, మేలుకునీ ఉండాలి. మా చినమావ కూడా ఒకసారి మంచె కాపలాకెక్కాడు. నిండా దుప్పటి, పైన గురక. తెల్లారి చూస్తే నక్క నమిలిన పిప్పి సరిగ్గా మంచె కిందే ఉంది. చెరకు అరుగు మీద పెట్టినట్టు తిని పోయింది. అదేటి, నువ్వూ తూగుతున్నావా? ఆ చిదుగులు రెండు నెగట్లో వెయ్యి.