మిగిలిపోయిన క్వినైన్

చలిజ్వరంతో వణికే రోగికి మందు కావాలన్నది వైద్యుని లెక్క. అతడు ఎంత చెల్లించగలడన్నది అంగడి లెక్క. ఈ రెండింటి నడుమనున్న దూరాన్ని క్వినైన్ చరిత్ర చూపినంత స్పష్టంగా మరే మందు చరిత్రా చూపదని నా అభిప్రాయం.

ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్ల బెరడు నుండి 1820లో ఇద్దరు ఫ్రెంచి రసాయనవేత్తలు క్వినైన్‌ను వేరు చేశారు. గిరాకీ పెరిగింది, అడవులు తరిగాయి. 1860 దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం నీలగిరులలో సింకోనా తోటలు వేయించింది గాని, ఆ బెరడులో క్వినైన్ పాలు తక్కువ. 1865లో ఛార్లెస్ లెడ్జర్ అనే వర్తకుడు బొలీవియా నుండి మేలుజాతి విత్తనాలు లండనుకు పంపితే దొరతనం వారు వద్దన్నారు. డచ్చివారు ఒక్క పౌను కొని జావాలో నాటారు. ఆ బెరడు ఎంతో సారవంతమైనదని తేలింది. ఆ విత్తనాలు ఏరి తెచ్చిన మమానీ అనే ఆదివాసిని బొలీవియా అధికారులు చెరలో వేసి కొట్టగా ఆ దెబ్బలకే మరణించాడు. ఏ ధరల పట్టికలోనూ ఆ ఖర్చు కనబడదు.

1880లలో సింహళపు తోటల యజమానులు తెగులు సోకిన కాఫీ స్థానంలో సింకోనా వేయడంతో బెరడు ధర కూలిపోయింది. ఆ చౌకదనం పేదలకు కొంత మేలే చేసింది. 1892 నుండి బెంగాల్ తపాలా కార్యాలయాలలో పైసాకొక క్వినైన్ పొట్లం అమ్మారు. మందుల దుకాణం లేని ఊరికి కూడా తపాలా బంట్రోతు వెళ్తాడు గదా!

చౌకదనం నష్టమనుకున్నవారు ఊరకుండలేదు. 1913లో జావా తోటల యజమానులూ, క్వినైన్ తయారీదారులూ ఒప్పందం చేసుకుని ధరను కట్టడి చేశారు. 1930 దశకానికి ప్రపంచపు సింకోనాలో తొంభై శాతానికి పైగా జావాదే. అప్పుడు వారి ఫిర్యాదు అధికోత్పత్తి! కొత్తగా నాటడంపై ఆంక్షలు వచ్చాయి. ఆ కాలంలోనే మన దేశంలో మలేరియా వల్ల ఏటా పది లక్షలమంది మరణిస్తున్నారని నిపుణుల అంచనా. దోమ గుట్టును రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో విప్పి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. రోగమూ తెలుసు, మందూ ఉన్నది. చేతిలో డబ్బు లేనివాని జ్వరం మాత్రం గిరాకీగా లెక్కకు రాలేదు.

1942 మార్చిలో జావా జపానువారి వశమైంది. మరుసటి యేడు బెంగాల్ కరవులో ఆకలికి చిక్కి శల్యమైనవారిపై మలేరియా విరుచుకుపడింది. ఒకప్పుడు పైసాకు దొరికిన క్వినైన్ అక్కడ దొంగబజారు సరుకైంది.